ఒక మనిషి కొలత

ఆ ఏడు మిర్చి కల్లాలు నిండేదాకా నాకు ప్యాకెట్ అంటే ముందువైపే. ఇంటి ముందు రేకుల కింద నా కొట్టు. చిప్సు, మిక్చరు, బిస్కెట్లు దండలుగా వేలాడదీసి తండా పిల్లల చేత నమిలిస్తుంటాను. ప్యాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాలుంటాయని తెలుసు. ఇంటర్ దాకా చదివినదాన్నే, కళ్ళు కూడా బాగానే కనిపిస్తాయి. అయినా అవతల బేరం నిలబడి ఉంటే మిక్చరు ప్యాకెట్టు తిరగేసి పారాయణం చేసే తీరిక ఎవరికుంటుంది?

నా చేత ఆ పారాయణం చేయించింది నా కూతురు సాయిప్రియ. అప్పుడు పదో తరగతి, బూర్గంపాడులో. కబడ్డీలో కూతకెళ్ళిందంటే అవతలి పిల్లలకు గుండె దడ. వాళ్ళ ఆటల సారు రామ్‌చందర్ జనవరిలో ఒకరోజు కబురు చెప్పాడు. శివరాత్రి దాటిన వారానికి ఖమ్మంలో ఎంపికలు, పదహారేళ్ళ లోపు ఆడపిల్లల జట్టు, ఉమ్మడి జిల్లా మొత్తానికి. ఆట సంగతి సారుకు దిగుల్లేదు. దిగులంతా బరువుతోనే. ఆ జట్టులో యాభై ఐదు కిలోలు దాటకూడదు. వచ్చే ఏటికి మా పిల్లకు పదహారు నిండుతాయి గనుక మళ్ళీ ఈ అవకాశం రాదు.

మా ఇంటి పక్కనే హరిలాల్ కల్లం. మిర్చి బస్తాలు తూచే కరెంటు కాటా అక్కడే ఉండేది. తెల్లారగానే సాయిప్రియ చెప్పులు విడిచి, గాజులు తీసి దాని మీదకెక్కేది. అదే కల్లంలో ఎండబోసిన మా చేని కాయకు కాపలాగా మా మామ రూప్లా అక్కడే మంచమేసుకునేవాడు.

"ఎంతొచ్చిందే?" అన్నాడు మామ మొదటిరోజు, దుప్పట్లోంచి తల బయటపెట్టి.

"యాభై ఎనిమిది మీద నాలుగొందలు, తాతా."

"తరుగు తియ్యి మరి. మార్కెట్ల మన బస్తాకు తీస్తలేరా? గోనెకింత, తేమకింత. నీకు గూడ మూడు కిలోలు తీసేస్తే అయిపాయె."

"ఆడ తరుగు తియ్యరు తాతా."

"గట్లయితే అది మంచి మార్కెట్టే పో," అని మామ మళ్ళీ ముసుగు తన్నాడు.

మా పిల్ల మొదట బడిలో తినే మధ్యాహ్నపు అన్నం మానేసింది. అన్నంలోనే బరువంతా ఉంటుందని ఎవరో చెప్పారట. దాని బదులు నా కొట్లోంచి మిక్చరు ప్యాకెట్టు తీసుకునేది, వెనక చదివేది, "నూట అరవై కేలరీలే అమ్మా" అని రోజుకొకటి ఖాళీ చేసేది. కేలరీ అంటే తిండిలో ఉన్న సత్తువకు కొలత అని నాకు పాఠం కూడా చెప్పింది. పాఠం బాగానే ఉంది గానీ, వారం గడిచినా కాటా మీద అంకె దిగడానికి బదులు రెండొందలు పైకెక్కింది.

ఆదివారం రామ్‌చందర్ సారు సోడా తాగడానికి కొట్టు దగ్గర ఆగినప్పుడు అది ఆయన్నే అడిగింది. "నూట అరవై అని ఉన్నది గదా సార్. అన్నం కన్నా తక్కువనే గదా?"

"ఎంతకు నూట అరవై? పైన చదువు."

"ఒక సర్వింగ్‌కు."

"సర్వింగ్ అంటే ఎంతని రాసిండ్రు?"

"ముప్పై గ్రాములు."

"ప్యాకెట్ల మొత్తం ఎంతున్నది?"

అది ప్యాకెట్ తిప్పి చూసింది. "నూటయాభై," అంది. గొంతు దిగిపోయింది.

అంటే ఆ ప్యాకెట్టులో ఐదుగురి వాటా ఉంది. మా పిల్ల ఐదుగురి వాటా తిని ఒక్కరి లెక్క వేసుకుంటోంది. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే కొట్లో త్రాసు మీద ముప్పై గ్రాముల మిక్చరు పోసి చూశాను. అరచేతి గుంట కూడా నిండలేదు.

"ఇదేం కొలత సార్? పిట్టలు తినేదా?" అన్నాను.

"కంపెనీవాళ్ళు పెట్టుకున్న కొలత గదమ్మా. మనం చూసుకొని తినాలె," అని ఆయన సోడా సీసా దించి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే మా ఇంట్లో పెద్ద గొడవ అయింది. గొడవకు కారణం తాంబాళం. అది ఇత్తడిది, మా అత్త పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. అత్త పోయినప్పటి నుంచి మామా మనవరాలూ అందులోనే కలిసి తినేవారు. కాగితం మిల్లులో షిఫ్టు లేని పూట నా భర్త భాస్కర్ కూడా వచ్చి చేయి కలిపేవాడు. నేను మాత్రం విడిగా, వంటింట్లో. మామ తినే కంచంలో కోడలు చెయ్యి పెట్టకూడదు, మామ ఎదుట కోడలు నమలకూడదు. మా తండాలో అదొక కట్టుబాటు. కొట్లో నాలుగూళ్ళ మగవాళ్ళతో బేరమాడేదాన్నే గానీ, ఆ గీత మాత్రం నేనూ దాటలేదు.

సాయిప్రియ తన స్టీలు కంచం తెచ్చుకుని దూరంగా కూర్చుంది. "నా అన్నం నేను తూకమేసుకుంట. అందరి చేతులు ఒక్కదాంట్ల పెడితే నేనెంత తిన్ననో నాకెట్ల తెలుస్తది?"

మామ చెయ్యి కడగబోతూ ఆగాడు. "కంచాలు వేరైతున్నయంటే ఇల్లు వేరైనట్టే బిడ్డా."

"ఒక్క నెలే గద తాతా. ఖమ్మం పోయొచ్చినంక మల్ల కలిసి తిందాం."

"ఒక్కడే కూసొని తినుడు ఏం తిండే?" అన్నాడాయన. అని, తనూ ఒక కంచంలో పెట్టించుకుని కల్లంలోని మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. అలిగాడనుకున్నాను. అలిగినవాళ్ళను కదిలిస్తే ఇంకా బిగుసుకుంటారని ఊరుకున్నాను.

మర్నాటి నుంచి అదే తీరు. కంచం నిండా వెళ్ళేది, ఖాళీగా తిరిగొచ్చేది. కోపమున్నా తిండి మానలేదు కదా అని నిమ్మళంగా ఉన్నాను. తేడా వచ్చింది మా కోళ్ళ దగ్గర. నేను వాకిట్లో నూకలు చల్లి ఎంత పిలిచినా రావడం మానేశాయి. పూటపూటా వెళ్ళి మామ మంచం కింద సభ పెట్టేవి. ఓ మధ్యాహ్నం అనుమానమొచ్చి వెళ్ళి చూశాను. మంచం కింద జొన్నరొట్టె ముక్కలు, పప్పు కలిపిన అన్నం.

"ఏంది మామా గిది?"

ఆయన దొంగతనం దొరికినవాడిలా కాకుండా, ఇక దాచే పని తప్పిందన్నట్టు చూశాడు. రొమ్ము నడుమ వేలు పెట్టి చూపించాడు. "గీడికొచ్చి ఆగుతున్నది బిడ్డా. నీళ్ళు దిగుతున్నయ్. రొట్టె దిగుతలేదు."

"ఎప్పటి సంది?"

"దసరా సంది."

దసరా నుంచి ఆయన రోజూ తాంబాళం ముందు కూర్చున్నాడు. చెయ్యి అన్నంలోకి వెళ్ళేది, నోటిదాకా లేచేది, మధ్యలో కబుర్లు సాగేవి. ఎదురుగా ఆడి అలిసి ఆకలితో వచ్చిన పిల్ల. తాంబాళం ఏ పూటా మిగల్లేదు. ఎవరి వాటా ఎవరు తిన్నారో తాంబాళం చెబుతుందా? సాయిప్రియ ఒంటి మీదకు కొత్తగా వచ్చిన ఆ మూడు కిలోలు ఎక్కడివో నాకప్పుడు తెలిసింది. అవి మా మామవి. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే నాకు కోళ్ళు చెబితే గానీ తెలియనందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

భాస్కర్ షిఫ్టు మార్పించుకుని ఆయన్ను ముందు భద్రాచలం, అక్కడి నుంచి ఖమ్మం తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. గొంతులోకి కెమెరా గొట్టం దింపి చూశారు. డాక్టరు సుత్తి లేకుండా చెప్పాడు. "అన్నం దిగే గొట్టంలో గడ్డ ఉంది. ఇంకా చిన్నదే. కోసి తీసేయొచ్చు. కానీ ఈయన ముప్పై తొమ్మిది కిలోలున్నడు. ఇంత బక్క ఒంటికి ఆ ఆపరేషన్ చెయ్యలేను. కనీసం నలభై ఒకటి చేసుకొని రండి. మార్చి నడుమ చూస్త."

"పెరగకపోతే?" అన్నాడు భాస్కర్.

"పెంచండి," అన్నాడు డాక్టరు.

తిండి సంగతులు చెప్పే ఉషారాణి మేడం ఒక పొడి డబ్బా చూపించింది. నీళ్ళలో కలిపి తాగించాలి. రోజుకు పదహారు వందల కేలరీలు లోపలికి పోవాలి, ఎట్టి పరిస్థితిలోనూ తగ్గకూడదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని నాకొక పిచ్చి ఆలోచన వచ్చింది. ఒకే ఇంట్లో ఒకరు మూడు కిలోలు దిగాలి, ఒకరు రెండు కిలోలు ఎక్కాలి. దేవుడికి తూకం వెయ్యడం చేతకాదని అనుకున్నాను.

కలిపేది నేను, తాగించేది సాయిప్రియ. నేనైతే గ్లాసు అక్కడ పెట్టి పక్కకు తప్పుకోవాలి, ఎదురుగా కూర్చుని బతిమాలడం మాలో కోడలి పని కాదు. అందుకని అది బడికి పోయేముందు తాగించేది, మధ్యాహ్నం సైకిలు మీద వచ్చి తాగించేది, సాయంత్రం ఆట నుంచి రాగానే తాగించేది. డబ్బా వెనక మొదటి గడిలో నాలుగొందల అరవై కేలరీలని ఉంది. గ్లాసుకు నాలుగొందల అరవై, రోజుకు నాలుగు గ్లాసులు. మేడం అడిగినదాని కన్నా ఎక్కువే పెడుతున్నానని నాకు లోలోపల గర్వం కూడా. పది రోజుల తర్వాత మామను కాటా ఎక్కించాం. అంకె ఉన్నచోటే ఉంది.

సాయిప్రియ నా చేతిలోంచి డబ్బా లాక్కుని తిప్పింది. "అమ్మా, నాలుగొందల అరవై వంద గ్రాములకు. నువ్వు గ్లాసుకు ఎంతేస్తున్నవ్?"

"రెండు చెంచాలు. డబ్బాల ఇచ్చిన చెంచాతోనే."

"రెండు చెంచాలంటే యాభై గ్రాములు. ఒక సర్వింగ్. పక్క గడి చూడు, రెండొందల ముప్పై. నా మిక్చరుకు పడి పడి నవ్వితివి గదా!"

అది ఎక్కువ తిని తక్కువ అనుకుంది. నేను తక్కువ పెట్టి ఎక్కువ అనుకున్నాను. పక్కపక్కనే ఉన్న రెండు గడులు, చూడాల్సిన గడి ఇద్దరం చూడలేదు. తేడా ఏమిటంటే దాని తప్పుకు కడుపు నిండింది, నా తప్పుకు ఆయన పది రోజులు సగం ఆకలితో ఉన్నాడు. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

నాలుగు గ్లాసులు ఏడయ్యాయి. ఈసారి చెంచాకు తలకొట్టి, గడి గడికీ వేలు పెట్టి చదివి, లెక్క సరిచూసుకుని కలిపాను. ఏడు రెండొందల ముప్పైలు పదహారు వందల పది. ఇక ఎవరూ తప్పుపట్టడానికి లేదు. చేలో కాయ ఏరే ఆడవాళ్ళతో కూడా ఇదే ఊదరగొట్టాను.

వారం గడిచింది. మామ ఒంటి మీదకు వచ్చింది మూడొందల గ్రాములు. ఇదే వేగమైతే మార్చి నడుమకు నలభై ఒకటి అందుకోడు. అటు సాయిప్రియ కూడా యాభై ఏడు దగ్గర మొరాయించింది. రామ్‌చందర్ సారు కొట్టు దగ్గరికొచ్చి నిష్ఠూరమాడాడు. "ఏం పెడుతున్నవమ్మా దానికి? గ్రౌండ్ చుట్టూ కుక్కనుర్కిచ్చినట్టు ఉర్కిస్తున్న. తగ్గుతలేదు."

"గుప్పెడన్నం గూడ పూర్తిగ తింటలేదు సార్."

"మరి గాలి తిని బతుకుతుందా?"

 ఇద్దరికీ లెక్క సరిగ్గా ఉంది, ఇద్దరి ఒళ్ళూ లెక్క వినడం లేదు.

శివరాత్రికి ముందు ఓ సాయంత్రం అడవి వైపు నుంచి మబ్బు పట్టింది. కల్లంలో కాయ తడిస్తే రంగు పోయి తాలు కింద సగం ధరకు పోతుందని, పట్టాలు కప్పడానికి చేలోంచి పరుగున వచ్చాను. మంచం దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో నేను కలిపిపెట్టిన గ్లాసు.

"తాగు తాతా."

"నువ్వు తాగు ముందు."

అది గ్లాసెత్తి ఒక గుటక తాగింది. మామ దాని గొంతు వైపే చూస్తున్నాడు. గొంతు కదిలింది. అప్పుడాయన గ్లాసు అందుకుని ఒక గుటక మింగి మళ్ళీ దాని చేతికిచ్చాడు. తాంబాళంలో ముద్దకు ముద్ద తిన్నట్టే గుటకకు గుటక. గ్లాసు అడుగుకు వచ్చేసరికి సరిగ్గా సగం ఆయన తాగాడు, సగం అది తాగింది.

నేను పట్టా కప్పాను. చినుకులేమీ పడలేదు. మబ్బు గోదావరి వైపు తేలిపోయింది.

అది వంటింట్లోకి గ్లాసు కడగడానికి వచ్చినప్పుడు అడిగాను. "ఎప్పటి సంది నడుస్తున్నదే ఇది?"

అది తల ఎత్తలేదు. "మొదటి రోజు సందే."

"మొదటి రోజు సందా!"

"ఒక్కడే తాగమంటే ఒక గుటక మింగి పక్కన పెడుతుండు. ఒక్కనికి సయించదంట. నేను తాగితేనే తాగుతుండు. ఉత్తగ నోట్ల పెట్టుకొని మోసం చేద్దామని చూసిన. గొంతు కదిలిందా లేదా అని చూస్తుండమ్మా."

"మీ నాయనను కూసోబెట్టకపోయినవా?"

"పెట్టిన. నాయన ఒక్క గుటకకే ఉమ్మేసి, ఇదేం సబ్బు నీళ్ళు అన్నడు. తాత నవ్వి ఆయన గూడ పక్కన పెట్టిండు. ఇంక నువ్వంటే తాతతోని తాగేటందుకు లేదాయె."

"నీ ఆట సంగతి ఎరికేనా ఆయనకు?"

"తగ్గాలని ఎరిక. ఇది తాగితే తగ్గనని చెప్పలే. నువ్వు గూడ చెప్పకు. చెప్తే అసలే తాగడు."

కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. ఆ డబ్బా మీద ఒక సర్వింగ్ అంటే ఒక మనిషి వాటా. మా ఇంట్లో ఆ ఒక మనిషి కొలతను ఇద్దరు తాగుతున్నారు. ఆయన కేలరీల్లో సగం ఈ పిల్లకు పోతున్నాయి. అందుకే ఆయన ఎక్కడం లేదు, ఇది దిగడం లేదు. దీనికి రెండు దారులే ఉన్నాయి. పిల్లను అక్కణ్ణుంచి లేపడం ఒకటి. రెండోది దాని ఆట మీద ఆశ వదులుకోవడం, అది నేను చెప్పనక్కర్లేకుండానే పిల్ల నా వైపే చూస్తూ నిలబడింది.

"ఖమ్మం ఇంకెంత దూరముందే?" అన్నాను.

"రెండు వారాలు గూడ లేదు. ఎట్లనన్న చేసి తగ్గుత అమ్మా. అన్నం మొత్తానికే మానేస్త."

మరుసటి పూట నేను గ్లాసు పక్కన పెట్టి చెంబు తీశాను. నాలుగు చెంచాలు, రెండు గ్లాసుల నీళ్ళు. ఇద్దరి కొలత. చెంబు పట్టుకుని వెళ్తున్న దాన్ని చూసి మామ "గింత పెద్దదా!" అన్నాడు. "డాక్టరు పెంచమన్నడు తాతా," అంది అది. ఆ ఒక్క అబద్ధంతో గుటకకు గుటక మళ్ళీ మొదలైంది.

అన్న మాట ప్రకారం అది అన్నం ముట్టలేదు. తెల్లారేలోగా కల్లం చుట్టూ పరుగెత్తేది, ఉన్ని కోటు తొడుక్కుని మధ్యాహ్నపు ఎండలో గుంజీళ్ళు తీసేది. కొంత దిగింది కూడా. ఎంత దిగినా, రోజుకు ఏడుసార్లు చెంబులోంచి దాని వాటా దానికి వస్తూనే ఉంది. అటు మామ బుగ్గ గుంట కాస్త పూడింది. లేచి నాలుగడుగులు వేసి కోళ్ళను అదిలించడం మొదలుపెట్టాడు.

ఎంపికల రోజు దాంతో నేనే వెళ్ళాను. స్టేడియం వరండాలో కాటా పెట్టారు, మా మిర్చి కాటా కన్నా చిన్నది. పిల్లలు బూట్లు విప్పి వరసలో నిలబడ్డారు. సాయిప్రియ ఎక్కింది. యాభై ఆరు మీద వంద.

"మధ్యాహ్నం దాకా టైముంది," అని రామ్‌చందర్ సారు దాన్ని స్టేడియం మెట్ల మీదకు తోలాడు. కోటు తొడుక్కుని మెట్లెక్కుతూ దిగుతూ ఉంది. పెదాలు తెల్లబడ్డాయి. ఇక చాలని నేనే అరిచాను. మళ్ళీ ఎక్కింది. యాభై ఐదు మీద ఆరొందలు.

బల్ల దగ్గర కూర్చున్నాయన పేరు కొట్టేయబోతుంటే మా పిల్ల అడిగింది. "తరుగు తియ్యరా సార్?"

ఆయనకు అర్థం కాలేదు. "ఏందమ్మా?"

"ఏం లేదు సార్," అని అది దిగి బూట్లు తొడుక్కుంది.

గ్యాలరీలో కూర్చుని వేరే పిల్లల ఆట చూశాం. దాని జాగాలో కూతకెళ్ళిన పిల్ల బాగానే ఆడింది, దీనంత మాత్రం కాదు. నాకు ఏడుపొచ్చింది, కొంగుతో తుడుచుకున్నాను. అది ఏడవలేదు. కాసేపటికి గోడ గడియారం వంక చూసింది. "అమ్మా, లే. ఐదు గంటల చెంబు ఎవరిస్తరు తాతకు?"

ఇంటికి వచ్చేసరికి మామ వాకిట్లోనే ఉన్నాడు. పక్కింటివాళ్ళు ఇచ్చిన చెంబు నిండా అలాగే ఉంది.

"ఏమాయె?"

"కాదన్నరు తాతా. ఆరొందల గ్రాములు ఎక్కువుంటి."

"తరుగు తియ్యలేదా?"

"తియ్యలే."

మామ చెంబులోకి చూశాడు. ఇద్దరి కొలతతో అంచు దాకా ఉన్న ఆ తెల్లనీళ్ళనూ, ఎదురుగా ఉన్న పిల్లనూ చూశాడు.  ఆ పూట మాత్రం దాన్ని ముందు తాగమనలేదు. తనే చెంబెత్తి, కళ్ళు మూసుకుని, సగానికి కిందదాకా తాగి దించాడు. అంతకన్నా సయించలేదు. మిగతాది అది తాగింది.

మార్చి నడుమ ఖమ్మం వెళ్ళాం. దవాఖానాలో కాటా ఎక్కుతూ మామ నర్సుతో "తరుగు తియ్యకు బిడ్డా" అన్నాడు. నలభై ఒకటి మీద మూడొందలు. డాక్టరు తారీఖు రాసిచ్చాడు. ఉషారాణి మేడం సంబరపడిపోయింది.

"మంచిగ తాగినవ్ తాతా! రోజుకు ఎన్ని గ్లాసులు?"

"పద్నాలుగు."

మేడం నా వైపు చూసింది. "పద్నాలుగా? పదహారు వందలకు ఏడు చాలు గదా. ఒక మనిషికి అన్ని ఎట్ల పడతయ్?"

"ఒక మనిషి ఎందుకు తాగుతడు మేడం?" అన్నాడు మామ. పక్కన నిలబడ్డ సాయిప్రియ రెక్క పట్టుకుని ముందుకు లాగాడు. "గీ పిల్ల, నేను. దీని పాలు ఇది తాగింది. నా పాలు నేను తాగిన." దాని తల మీద చెయ్యి వేశాడు. "దీని ఆట గూడ నేనే తాగిన."

"ఊకో తాతా," అంది అది. అప్పుడు ఏడ్చింది, ఆసుపత్రిలో అందరి ముందూ, ముక్కు చీదుతూ. స్టేడియంలో దాచుకున్నదంతా అక్కడ పోసింది.

ఆపరేషన్ అయింది. మామ ఇప్పుడు మెత్తగా చేసినవి కొంచెం కొంచెం తింటాడు, ఎక్కువసార్లు తింటాడు. సాయిప్రియ ఇంటర్‌కు వచ్చి పెద్దపిల్లల జట్టులో ఆడుతోంది. అక్కడ అరవై ఐదు కిలోల దాకా ఒప్పుకుంటారు గనుక దానికి కాటాతో పేచీ లేదు. కొట్లో ఎవరైనా ప్యాకెట్ కొంటే నేను వెనక్కి తిప్పి, ఏ గడి చూడాలో చూపించి మరీ ఇస్తాను. కొనేవాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనీ.

తాంబాళం మళ్ళీ దింపాను. ఒకవైపు మెత్తని అన్నం, ఒకవైపు మామూలు అన్నం. పిల్ల ఆకలి మీద ఉంటుంది, అయినా తొందరపడదు. మామ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటాడు. అది తన ముద్ద చేతిలోనే పట్టుకుని ఆయన గొంతు వైపు చూస్తుంది. గొంతు కదిలాకే తను తింటుంది.